పోయేటప్పుడా, వచ్చేటప్పుడా

ఆయన పోయాడని నాకు చెప్పింది ధర్మవరం స్టేషన్లో మజ్జిగ అమ్మే ముసలామె. గ్లాసు చేతికిస్తూ, "మీ పాత డ్రైవరు పెనుకొండలో పోయినాడంట గదప్పా, దినాలు కూడా అయిపోయినాయంట" అంది. నేను మజ్జిగ తాగి గ్లాసు తిరిగిచ్చాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, నిమ్మళం. ఇంక ఆయనకు ఎదురుపడి జవాబు చెప్పుకోనక్కరలేదు గదా అనిపించింది. ఆ నిమ్మళానికి సిగ్గుపడటం రైలెక్కి కూర్చున్నాక మొదలైంది.

ఆయన పేరు రాయను. నేను చేసిన తప్పు చెప్పేచోట ఆయన పేరెందుకు? ఎక్కడ పుట్టాడో, స్టీరింగు ఎవరి దగ్గర పట్టాడో కూడా నాకు తెలియదు. మా నాయన యుద్ధం అయిపోయినాక మిలిటరీ వేలంలో పెట్రోలుతో నడిచే లారీ ఒకటి కొన్నాడు. ఆ లారీతోపాటే ఈయనా మా ఇంటికొచ్చాడు. నాయన పోయి వ్యాపారం నా చేతికొచ్చేసరికి లారీ పాతదైంది, ఆయన మీసం నెరిసింది. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను యజమానిగా ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు క్యాబిన్లో నిద్రపోయిన పిల్లవాడిగానే చూసేవాడు.

ఏం చెప్పినా ఆయన ముందు ఒకటే మాట అడిగేవాడు: "పోయేటప్పుడా, వచ్చేటప్పుడా?" హిందూపురంలో కొత్తగా పెట్టిన హోటల్లో దోసె బ్రహ్మాండంగా ఉందన్నా అంటే, పోయేటప్పుడు తిన్యావా వచ్చేటప్పుడు తిన్యావా అనేవాడు. పొద్దున ఆకలి మీద పోతూ తిన్నది ఏదైనా బాగుంటుందట, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కడుపు చెప్పేదే అసలు సంగతట. నాకు పెళ్ళి చూపులయినప్పుడూ ఇదే వరస. వాళ్ళు ఎంతో మర్యాద చేశారని నేను మురిసిపోతూ చెబుతుంటే, "పోయేటప్పుడు కాళ్ళకు నీళ్ళు అందరూ ఇస్తారప్పా. వచ్చేటప్పుడు బండి దాకా ఎవరొచ్చిరి?" అన్నాడు. ఆలోచించి, పిల్ల అవ్వ బండి దాకా వచ్చి దారిలో తినమని బొరుగులు మూటగట్టి ఇచ్చిందని చెప్పాను. "అట్లయితే చేసుకో" అన్నాడు. చేసుకున్నాను. ఆ విషయంలో ఆయన లెక్క తప్పలేదు.

ఆ మాట ఆయనకు మా దారి నేర్పిన మాట. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం రోజూ బెల్లం, చింతపండు వేసుకుపోయేవాళ్ళం. తిరిగొచ్చేటప్పుడు వేసుకోవడానికి ధర్మవరంలో ఏముంటుంది? పట్టుచీరలు. చీరలకు లారీ ఎందుకు, షావుకారు సంచిలో పెట్టుకుని రైలెక్కుతాడు. అందుకని మా బండి పోయేటప్పుడు నిండు, వచ్చేటప్పుడు ఖాళీ. నిండు బండి ఎవరు తోలినా బుద్ధిగా పోతుందని, ఖాళీ బండిని తోలేవాడే డ్రైవరని ఆయన అనేవాడు.

క్యాబిన్లో కాలికి చెప్పు ఉండకూడదు. చెప్పులు సీటు కింద పెట్టి, ఒట్టి పాదాలతో తొక్కేవాడు. నెత్తి మీద టాపు రేకుకు ఒక దారం కట్టి దానికి ఒకే ఒక నిమ్మకాయ వేలాడదీసేవాడు. ప్రతి శుక్రవారం సంతలో తానే ఏరి కొత్తది తెచ్చుకునేవాడు. మిగతా లారీలవాళ్ళు మిరపకాయలతో కలిపి బండి ముందర కట్టుకుంటే ఈయన లోపల కట్టుకుంటాడేమిటని అందరూ నవ్వేవాళ్ళు. "ఇది దిష్టికి కాదబ్బా, కొలతకు" అనేవాడు. నిమ్మకాయ ఊగే తీరు చూసి చక్రాల పైన బరువు మోసే ఇనుప పట్టీల కమాన్లలో ఏది అలిసిపోయిందో, ఏ చక్రానికి గాలి తగ్గిందో చెప్పేవాడు. ఎగరకుండా ఊగుతుంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు.

అంతా బాగానే ఉండగా నాకు ఆశ పుట్టింది. ఒక ఏడాది పెనుకొండ అవతల గుట్టల్లో చింతతోపులు గుత్తకు పట్టాను. ఆ ఊళ్ళకు రోడ్డు లేదు, గుండ్ల మధ్య బండ్లబాట, నడుమ నీళ్ళు లేని ఒక ఇసుక వంక. ఎద్దులబండ్ల మీద సరుకు దించాలంటే రోజులు పడుతుంది. లారీయే పోతే పోలా అన్నాను. పోయింది, వంక దాకా. వంకలో వెనక ఇరుసు గుండుకు తగిలి కూర్చుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. చివరికి ఎనిమిది ఎద్దులు కట్టి లాగారు. బండ్లవాళ్ళు నవ్వారు. అందులో ఒకడు, మీ లారీకి కూడా ఎద్దులు కావల్లనా అప్పా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. లారీని ఎత్తు చేయించాలని ఆ వంకలోనే నిశ్చయించుకున్నాను. చాలా నిర్ణయాలు వ్యాపారం కోసమని చెప్పుకుంటాం. ఇది మాత్రం ఆ నవ్వు కోసం.

హిందూపురంలో కమాన్లు కొట్టే సాయిబు ఒకాయన ఉండేవాడు. కొలిమి దగ్గర ఆయన, మా డ్రైవరు, నేను నిలబడి మాట్లాడుకున్నాం. ఒక్కో కమానుకు ఇంకా మూడు పట్టీలు ఎక్కించి, వంపు పెంచి, అడుగున దిమ్మెలు పెడితే బండి జానెడు లేస్తుంది, గుండ్లకు తగలదు. అంతా చెప్పి సాయిబు, ఈ బండి రోజూ ఏ దారిన పోతుందని అడిగాడు. చెప్పాను. ఆయన గడ్డం గోక్కుని, "గుట్టలెక్కేది మూడు నెల్లు, రోడ్డు మీద తిరిగేది ఏడాదంతా. ఖాళీ బండికి ఇన్ని పట్టీలుంటే కమాను వంగదు సామీ. కమాను వంగకుంటే పైన కూర్చున్నోడు వంగల్ల" అన్నాడు.

నేను డ్రైవరు వైపు చూశాను. ఆయన కొలిమిలోకి చూస్తూ, ఎత్తిద్దామప్పా, కానీ ఒక రోజు తోలి చూసినాక ఖాయం చేద్దాం, నువ్వు కూడా పక్కన కూర్చో అన్నాడు. అది ఆయన పద్ధతి. బండిలో ఏది మార్చినా యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని పోయి రావాల్సిందే. మా నాయన అట్లా ఎన్నిసార్లు కూర్చున్నాడో.

కూర్చున్నాను. బెల్లం నిండా వేసుకుని హిందూపురంలో బయలుదేరాం. ఎత్తు మీద కూర్చుంటే లోకమంతా కిందికి కనిపించింది. నిమ్మకాయ మెల్లగా, ఒద్దికగా ఊగింది. పెనుకొండ దాటుతుండగా, "చూడన్నా, నీ నిమ్మకాయ కూడా సరే అంటాంది" అన్నాను. ఆయన నవ్వి, "ఇది పోయేటప్పుడు గదప్పా. వచ్చేటప్పుడు కూడా అడుగుదాం" అన్నాడు.

ధర్మవరంలో సరుకు దించాం. నాకిక్కడ పని ఉంది, రైల్లో వస్తాలే, నువ్వు బండి తీసుకుని పో అన్నాను. పని ఏమీ లేదు. సాయిబు మాట చెవిలో ఉంది. ఆ ఖాళీ బండిలో కూర్చుంటే ఒప్పుకోవాల్సి వస్తుంది, ఒప్పుకుంటే పట్టీలు తీయించాల్సి వస్తుంది, తీయిస్తే వంకలో బండ్లవాళ్ళు మళ్ళీ నవ్వుతారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ప్లాట్‌ఫారం మీద మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. ఆయన ఒక్క నిమిషం నా మొహం చూసి, సరేప్పా అని చెప్పులు విప్పి క్యాబిన్ ఎక్కాడు.

మర్నాడు పొద్దున నన్ను పిలిచి టాపు చూపించాడు. దారం ఉంది, నిమ్మకాయ లేదు. రేకు మీద రెండు మూడు చోట్ల తడి మరకలు. వచ్చేటప్పుడు నిమ్మకాయ ఎగిరి రేకుకు కొట్టుకుని పగిలిపోయిందట. ఆయన కంప్లయింటు చేయలేదు, చూపించాడంతే. నేను నవ్వి, నిమ్మకాయ పగిలితే ఇంకోటి కట్టుకో అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఇప్పుడు ఎంత కడుక్కున్నా అది నా నోరే.

ఆ కాలం చింతపండు బాగా దిగింది. గుట్టల్లో ఆ లారీ నడక చూడాల్సిందే. వంక రాగానే ఆయన దిగి, వట్టికాళ్ళతో ఇసుకలో అటూ ఇటూ నడిచి, ఏ రాయి కదులుతుందో పాదంతో తెలుసుకుని, మళ్ళీ ఎక్కి ఒక్క ఊపున దాటించేవాడు. బండ్లవాళ్ళు ఎద్దుల్ని పక్కకు లాక్కుని చూసేవాళ్ళు. నేను మీసం మెలేసుకున్నాను. మెలేసుకోవాల్సింది ఆయన.

కాలం అయిపోగానే, పట్టీలు తీయించేద్దామప్పా, మళ్ళీ చింతకాలం వస్తే వేసుకుందాం అన్నాడు. ఏడాదికి రెండు తూర్లు బండి విప్పుకుంటూ కూర్చుంటామా, ఎత్తినాక దించేదేమిటి అన్నాను. ఆయన ఇంకోసారి అడగలేదు. అడిగి ఉంటే కోప్పడి ఉండేవాణ్ణేమో, తర్వాతైనా సిగ్గుపడి తీయించేవాణ్ణేమో. ఆయన తన దారి తాను చూసుకున్నాడు.

కొన్నాళ్ళకు మా షెడ్డు వెనక ఇసుక కుప్ప ఒకటి లేచింది. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్కనున్న ఇంకో వంక దగ్గర ఆపి, తానే పారతో ఇసుక ఎత్తుకుని, ఇక్కడికొచ్చి దించుకుంటున్నాడని తెలిసింది. ఇదేమిటన్నా అని అడిగితే, ఏం లేదప్పా, బరువుంటే బండి కొంచెం కూర్చుంటాది అన్నాడు. ఆ వయసులో మనిషి రోజూ ఒక లారీకి చాలినంత ఇసుక ఎత్తి దించుతున్నాడంటే ఆ ఖాళీ బండి ఆయన్ని ఏం చేస్తూ ఉండాలి? ఆ ప్రశ్న నాకు రాలేదు. వచ్చిందల్లా పెట్రోలు ఆలోచన. నలుగురు హమాలీలు వింటుండగా, ఖాళీ బండికి ఇసుక మోయించే తెలివి ఎవరిచ్చినారన్నా అన్నాను. హమాలీలు నవ్వారు. వంకలో నన్ను చూసి బండ్లవాళ్ళు నవ్వినట్టే నవ్వారు. మర్నాటి నుంచి ఇసుక ఆగిపోయింది. ఆ కుప్ప మాత్రం చాలా ఏళ్ళు అక్కడే ఉంది, మా పిల్లలు దాంట్లో ఆడుకున్నారు.

తర్వాత ఆయన నడుముకు తుండుగుడ్డ కట్టడం మొదలుపెట్టాడు. ముందు ఒకటే చుట్టు. తర్వాత తడిపి బిగించేవాడు. తర్వాత రెండు తుండ్లు కలిపి కట్టేవాడు. శుక్రవారం నిమ్మకాయ తేవడం మానేశాడు. ఏదన్నా నీ నిమ్మకాయ అంటే, "కడితే నిలుస్తాందా" అన్నాడు. ఆ మాటలో వెక్కిరింపు లేదు. ఉంటే బాగుండేది.

రెండో చింతకాలం అయిపోయిన ఎండల్లో, పెనుకొండలో ఆయన లారీ రోడ్డు పక్కకు తీసి, ఎవరినో పిలిచి చక్రాల కింద రాళ్ళు పెట్టమన్నాడు. ఇంజను ఆపాడు. ఆ తర్వాత, నన్ను దించండబ్బా అన్నాడు. కాళ్ళు కదల్లేదు. నేను కబురందుకుని రైల్లో పోయేసరికి టీ అంగడి బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. నన్ను చూసి ముందు అన్న మాట, "బండికి ఏమీ కాలేదప్పా."

డాక్టరు వెన్నెముక అరిగిందన్నాడు, ఇంక స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. వయసు కూడా అయింది గదా అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఆయన్ని పెనుకొండలోనే ఉన్న ఆయన ఇంటికి పంపేటప్పుడు నేను చేయాల్సిందానికన్నా ఎక్కువే చేశానని బజారంతా మెచ్చుకుంది. ఆ మెప్పును నేను కాదనలేదు.

ఆయన తర్వాత ఇద్దరు డ్రైవర్లు వచ్చారు, వారం తిరక్కుండా ఇద్దరూ పోయారు. అప్పుడైనా పట్టీలు తీయిస్తే అది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని లారీనే అమ్మేశాను. ముదిగుబ్బలో వేరుశెనగ వ్యాపారి ఒకాయన కొన్నాడు. ఆయన టైర్లు చూశాడు, ఇంజను చప్పుడు విన్నాడు. కమాన్ల సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఒక ఏడాది గడిచాక పెనుకొండకు మా పాత డ్రైవరును చూడబోయాను. వెల్లకిలా ఒక చెక్కబల్ల మీద పడుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఆయన భార్య, నాకు వదిన, కాఫీ తెచ్చింది. అదీ ఇదీ మాట్లాడాక ఆయన టాపు వైపు చూసినట్టే ఇంటి దూలాల వైపు చూస్తూ అడిగాడు.

"బండి ఎట్ల పోతాండాదప్పా?"

అమ్మేశానని చెప్పడానికి నోరు రాలేదు. "పట్టీలు తీయించేసినాన్నా" అన్నాను.

ఆయన మొహం ఇటు తిప్పాడు. "అట్లనా. మళ్ళా నిమ్మకాయ ఊగుతాండాదా?"

"ఊగుతాండాది."

"వచ్చేటప్పుడు కూడానా?"

"వచ్చేటప్పుడు కూడా అన్నా."

ఆయన కళ్ళు మూసుకుని నవ్వాడు. అన్నేళ్ళలో నేనాయనకు ఇచ్చిన సంతోషం అదొక్కటే. అది అబద్ధం. మళ్ళీ ఆ ఇంటికి పోలేదు. పోతే మళ్ళీ అడుగుతాడు, మళ్ళీ ఆడాలి. పండగ పండగకూ ఎవరి చేతనో ఏదో పంపి ఊరుకున్నాను.

మజ్జిగ ఆమె చెప్పిన మర్నాడు పెనుకొండ పోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. వదిన చాప వేసి, నువ్వొస్తావని తెలుసప్పా అంది. ఆయన చివరి దాకా నన్ను మెచ్చుకునేవాడట. చూడవచ్చిన ప్రతివాడికీ, మా అప్ప నా మాట విని కమాన్లు దించినాడు, యజమానంటే అట్లుండల్ల అని చెప్పేవాడట. నేను తల దించుకుని విన్నాను. అంతటితో ఆగితే ఎట్లాగో భరించేవాణ్ణి.

"ఒక్క తూరి ఆ బండిలో కూర్చోని రావల్లని ఉండె ఆయనకు" అంది. "వచ్చేటప్పుడు, ఖాళీగా. మా అప్ప వస్తే అడగల్ల అంటాండె. నువ్వు రాకపోతివి."

అక్కణ్ణుంచి ఇంటికి పోలేకపోయాను. ధర్మవరం పోయి, ముదిగుబ్బ బస్సెక్కాను. ఆ వ్యాపారి కాళ్ళు పట్టుకునైనా ఆ పట్టీలు తీయించాలి, నేను చెప్పిన మాట ఆయన పోయాకైనా నిజం చేయాలి. అదొక్కటే తోచింది. వేరుశెనగ మండీ ముందర లారీ నిలబడి ఉంది. రంగు మారింది. దాని డ్రైవరు నా ఈడువాడే, చక్రం పక్కన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నేను పాత యజమానినని చెప్పి, కమాన్లలో పట్టీలు ఎక్కువున్నాయి, తీయించాలని వచ్చాను అన్నాను.

అతను నన్ను వింతగా చూశాడు. "అవి యాడుండాయప్పా ఇంకా? బండి కొన్న నాడే నేనెక్కితి, ఆ వారంలోనే మా షావుకారుతో చెప్పి తీపిస్తి. ఒక పూట పని."

ఒక పూట. నేను ఆ చక్రం పక్కనే మట్టిలో కూర్చున్నాను. ఆయన అడిగింది నన్ను ఒక్క పూట. ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. పెనుకొండలో ఆ బల్ల పక్కన నేను అబద్ధమాడిన రోజుకు అది అబద్ధం కాదు. బండి అప్పటికే ఇక్కడ మెత్తగా తిరుగుతోంది. ఒక్కసారి ముదిగుబ్బ వచ్చి చూసి ఉంటే, షావుకారును అడిగి, ఆయన్ని నలుగురం ఎత్తి ఈ క్యాబిన్లో కూర్చోబెట్టి ఉండేవాళ్ళం.

నాకేమయిందో డ్రైవరుకు అర్థం కాలేదు. ఎండదెబ్బ అనుకున్నట్టున్నాడు, నీళ్ళిచ్చాడు. ధర్మవరం పోతున్నాను, ఖాళీ బండే, ఎక్కు అన్నాడు. నేను చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కాను. టాపు రేకు మీద ఆ మరకలు అట్లాగే ఉన్నాయి. ఎంత తుడిచినా పోవడం లేదని, అవేమిటో నీకు తెలుసా అని అతను అడిగాడు. నిమ్మకాయవి అన్నాను. దిష్టికా అన్నాడు. కాదు, కొలతకు అన్నాను.

దారంతా గతుకులే. లారీ ప్రతి గతుకులో కొంచెం దిగి, కొంచెం లేచి, నన్ను ఎక్కడా నొప్పించకుండా ధర్మవరం చేర్చింది. దిగేటప్పుడు, "నడుము పట్టినాదా ఏమప్పా, అట్ల ఏడుస్తాండావు" అని డ్రైవరు అడిగాడు. లేదు, ఏమీ కాలేదు అన్నాను.